పిప్‌తో లైబ్రరీ తీసేసినా, దాని వెంట వచ్చినవి ఎందుకు పోవడం లేదు?

చిన్నిబైట్

ఒక పనికి విడిగా పెట్టుకున్న పైథాన్ ఎన్విరాన్‌మెంట్‌లో, పైథాన్ ప్యాకేజీలు పెట్టే, తీసే టూల్ అయిన పిప్‌తో జూపిటర్ (నోట్‌బుక్‌లో కోడ్ రాసి నడిపే టూల్) ఇన్‌స్టాల్ చేశాను. నేను ఇచ్చింది ఒక్క పేరే అయినా దాని వెనక తెర నిండేటన్ని ప్యాకేజీలు దిగాయి. పని అయిపోయాక పిప్ అన్‌ఇన్‌స్టాల్ జూపిటర్ అని కొట్టాను, తొలగింపు విజయవంతమైందని సందేశం కూడా వచ్చింది. అయినా టెర్మినల్‌లో జూపిటర్ నోట్‌బుక్ అని కొడితే నోట్‌బుక్ ఏమీ జరగనట్టే తెరుచుకుంటోంది. పిప్ లిస్ట్‌లో చూస్తే తగ్గింది ఒక్క వరుస మాత్రమే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దేనికి ఏది కావాలో తానే లెక్కగట్టి తెచ్చుకున్న టూల్, తీసేసేటప్పుడు ఆ లెక్కను ఎందుకు పట్టించుకోదు? ఇది లోపమా, తెలిసే ఇలా ఉంచారా? మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తీసేద్దామంటే ఏది తీయవచ్చో, ఏది తీయకూడదో తేల్చుకోలేకపోతున్నాను.

లాగ్‌చదువరి

మీరు తీసేసిన జూపిటర్ అనే ప్యాకేజీలో చెప్పుకోదగ్గ కోడ్ లేదు. నోట్‌బుక్, ఐపైకెర్నల్, ఎన్‌బీకన్వర్ట్ వంటివాటిని ఒక్క పేరుతో రప్పించడానికి పెట్టిన మెటాప్యాకేజీ అది. మీరు కొడుతున్న జూపిటర్ కమాండ్ జూపిటర్-కోర్ అనే మరో ప్యాకేజీ సొత్తు. అది కదల్లేదు కాబట్టి కమాండ్ కూడా కదల్లేదు. పిప్ షో -ఎఫ్ జూపిటర్-కోర్ అని కొడితే ఆ ప్యాకేజీ పెట్టిన ఫైళ్లన్నీ కనిపిస్తాయి, వాటిలో ఈ కమాండ్ కూడా ఉంటుంది.

ఫైలుపట్టీ

లోపం కాదు, పిప్ తెలిసే అలా ఉంది. దాని దగ్గర ఉన్న లెక్క ఏమిటో చూస్తే విషయం తేలుతుంది. ప్యాకేజీలు చేరే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌లో ప్రతి ప్యాకేజీకీ డిస్ట్-ఇన్ఫో అని ముగిసే ఫోల్డర్ ఒకటి ఉంటుంది, అందులో రికార్డ్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరవండి. ఒక్కో వరుసలో ఒక ఫైలు దారి, దాని షా-256 హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తింపు), బైట్లలో పరిమాణం కామాలతో విడివడి ఉంటాయి. రికార్డ్ ఫైలు తన గురించి తానే రాసుకున్న వరుసలో మాత్రం దారి తర్వాత రెండు కామాలే ఉంటాయి, ఎందుకంటే రాస్తూ ఉన్న ఫైలుకు హ్యాష్ ముందే రాయడం కుదరదు. 2009లో మొదలైన పెప్ 376 అనే పైథాన్ ప్రతిపాదన పత్రం ఈ పద్ధతికి మూలం.

అన్‌ఇన్‌స్టాల్ అన్నప్పుడు పిప్ ఆ పట్టీని చదివి, ఏయే ఫైళ్లు తీసేస్తుందో చూపించి, మీరు సరేనన్నాక వాటిని తీసేస్తుంది. ఈ ప్యాకేజీ పెట్టిన ఫైళ్లు ఏవి అన్న ప్రశ్నకు ఆ పట్టీలో జవాబు ఉంది. దీని వెంట వచ్చినవాటితో మీకు ఇంకా పని ఉందా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. తెలియని దాన్ని ఊహించి ఫైళ్లు చెరిపేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

దీపస్తంభం

ఫైలుపట్టీ గారి వివరణ సరిగ్గానే ఉంది కానీ, దాన్ని సమర్థనగా ఒప్పుకోలేను. ఆ రెండో ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. డెబియన్ అనే లినక్స్‌లో ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్, తాను డిపెండెన్సీగా, అంటే ఇంకో ప్యాకేజీకి కావాలని తెచ్చిన ప్రతి ప్యాకేజీకీ ఎక్స్‌టెండెడ్ స్టేట్స్ అనే ఫైలులో ఆటో-ఇన్‌స్టాల్డ్: 1 అని గుర్తు పెడుతుంది. మీరు పేరు పెట్టి అడిగినదానికి ఆ గుర్తు ఉండదు. అడిగినదాన్ని మీరు తీసేశాక, ఆటో గుర్తు ఉండి ఎవరికీ అవసరం లేనివి ఏవో ఆప్ట్ ఆటోరిమూవ్ చెబుతుంది, మీరు సరేనంటే తీసేస్తుంది. ఆర్చ్ లినక్స్‌లో ప్యాక్‌మ్యాన్ -ఆర్‌ఎస్ కూడా ఇదే పని ఒక్క కమాండ్‌లో ముగిస్తుంది. ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ అయితే రిమూవ్ అన్నప్పుడే, ఎవరికీ అక్కరలేని డిపెండెన్సీలను మామూలుగానే వెంట తీసేస్తుంది. తెచ్చినవాడే తీసుకుపోవాలన్న ఆశ అంత అసాధ్యమైనదేమీ కాదు.

రాత్రిపాళీ

ఆ పద్ధతికి ఇంకో వైపు ఉంది. మా సర్వర్‌లో ఒక గ్రాఫిక్స్ ప్యాకేజీ వెంట, బొమ్మలను మార్చే టూల్ ఇమేజ్‌మాజిక్ డిపెండెన్సీగా వచ్చి కూర్చుంది. అది ఎలాగూ ఉంది కదా అని మా బృందంలో ఒకరు రాత్రిపూట నడిచే స్క్రిప్టులో దాన్ని వాడుకున్నారు. కొన్నాళ్లకు ఆ గ్రాఫిక్స్ ప్యాకేజీ తీసేసి ఆటోరిమూవ్ నడిపితే, ఇమేజ్‌మాజిక్ కూడా వెళ్లిపోయింది. ఆప్ట్ దృష్టిలో అది చేసింది తప్పు కాదు, ఎందుకంటే చేత్తో రాసుకున్న స్క్రిప్టు గురించి దానికి ఎవరూ చెప్పలేదు. కానీ తెల్లారేసరికి చిన్న బొమ్మలు ఒక్కటీ తయారు కాలేదు. పిప్ కూడా ఇలాగే ఉంటే, నమ్‌పై అనే లెక్కల లైబ్రరీని, దాని మీద ఆధారపడిన పాండాస్ లైబ్రరీ వెంట తెచ్చుకుని తమ కోడ్‌లో నేరుగా ఇంపోర్ట్ చేసుకునేవాళ్లంతా పాండాస్ తీసేసిన రోజున ఇబ్బంది పడతారు.

దీపస్తంభం

ఆ ప్యాకేజీని వాడుకోవడం మొదలుపెట్టిన రోజునే ఆప్ట్-మార్క్ మాన్యువల్ అని ఒక్క కమాండ్ ఇస్తే సరిపోయేది. అప్పటికే ఉన్నదాన్ని ఆప్ట్ ఇన్‌స్టాల్ అని మళ్లీ అడిగినా, చేత్తో పెట్టినదిగా గుర్తు మారుస్తున్నట్టు చెబుతుంది. ఆటోరిమూవ్ కూడా చెప్పకుండా తీసేయదు, జాబితా చూపించి అడుగుతుంది. ఆ జాబితా చదవకుండా వై కొట్టే అలవాటుకు టూల్ బాధ్యత వహించదు.

రాత్రిపాళీ

చదివే ఓపిక ఉన్న మనిషి ఎదురుగా ఉంటే మీ మాట నిజం. ఆటోమేషన్ స్క్రిప్టులో -వై ఆప్షన్ ముందే ఇచ్చి ఉంటారు, ఆ జాబితాను చదివేవారెవరూ ఉండరు.

ఫైలుపట్టీ

పైథాన్ వైపు ఆ గుర్తు అసలు లేదని కాదు. డిస్ట్-ఇన్ఫోలోనే రిక్వెస్టెడ్ అనే ఖాళీ ఫైలు కొన్నింటికి కనిపిస్తుంది. మీరు పేరు పెట్టి అడిగిన ప్యాకేజీకి పిప్ దాన్ని పెడుతుంది, వెంట వచ్చినవాటికి పెట్టదు. గుర్తు ఉన్నా అన్‌ఇన్‌స్టాల్ దాన్ని చూసి డిపెండెన్సీలను తీసేయదు. చిన్నిబైట్ గారూ, మీ పనికి పిప్ లిస్ట్‌తో నాట్-రిక్వైర్డ్ ఆప్షన్ వాడండి. ఇన్‌స్టాల్ అయి ఉన్న ఇంకే ప్యాకేజీకీ అవసరం లేనివి మాత్రమే అందులో వస్తాయి. వాటిలో మీకు అక్కరలేనివి తీసేసి మళ్లీ అదే కమాండ్ ఇస్తే, ఇప్పుడు కొత్తగా ఎవరికీ అవసరం లేకుండా పోయినవి బయటపడతాయి. ఒక్కోదాని గురించి అనుమానం వస్తే పిప్ షోలో రిక్వైర్డ్-బై అన్న వరుస చూడండి.

నోడ్‌వాసి

జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు చూసుకునే ఎన్‌పీఎం లోకంలో ఈ తగువు చాలావరకు లేదు. అక్కడ మీ ఉద్దేశం ప్యాకేజ్.జేసన్ అనే ఫైలులో రాసి ఉంటుంది. 2017లో వచ్చిన ఎన్‌పీఎం 5 నుంచి ఇన్‌స్టాల్ అన్న ప్రతిసారీ పేరు ఆ ఫైలులోకి తానే చేరుతుంది, అన్‌ఇన్‌స్టాల్ అంటే ఆ వరుస పోతుంది. ఆ తర్వాత ఎన్‌పీఎం ఆ ఫైలు నుంచి మొదలుపెట్టి ఎవరికి ఎవరు కావాలో చెట్టు మొత్తం చూసుకుని, చెట్టుకు అందని ప్యాకేజీలను నోడ్ మాడ్యూల్స్ అనే ఫోల్డర్ నుంచి తీసేస్తుంది. పిప్‌కు అలాంటి మూల పత్రం లేదు. అందుకే దానికి తీసేయడం అంటే ఒక ఫోల్డర్ మీద చేసే పని మాత్రమే, ప్రాజెక్టు మీద చేసే పని కాదు.

హరితవనం

చాలావరకు లేదన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. రాత్రిపాళీ గారు చెప్పిన ఇబ్బంది ఇక్కడ ఇంకో రూపంలో ఉంది. 2015లో వచ్చిన ఎన్‌పీఎం 3 నుంచి డిపెండెన్సీల డిపెండెన్సీలు కూడా వీలైనంతవరకు నోడ్ మాడ్యూల్స్ పై మెట్టుకే చేరుతున్నాయి. అందువల్ల మన ప్యాకేజ్.జేసన్‌లో లేని లైబ్రరీని కూడా మన కోడ్ నిక్షేపంగా ఇంపోర్ట్ చేసుకోగలదు. మా ప్రాజెక్టులో లోడాష్ అనే లైబ్రరీని అలాగే వాడారు. దాన్ని వెంట తెచ్చిన పాత ప్లగిన్‌ను తీసేసేసరికి, సంబంధం లేదనుకున్న పేజీలు బిల్డ్‌లో ఆగిపోయాయి. ప్లగిన్ తీసేసిన వ్యక్తి తన మార్పులో తప్పు వెతుక్కుంటూ సాయంత్రమంతా గడిపారు. తప్పు ఎప్పుడో ఇంపోర్ట్ వరుస రాసినప్పుడు జరిగింది, బయటపడింది మాత్రం అన్‌ఇన్‌స్టాల్ చేసిన రోజున.

నోడ్‌వాసి

నిజమే, దాన్ని ఒప్పుకుంటాను. ఎన్‌పీఎంకు బదులుగా వాడే పీఎన్‌పీఎం అందుకే పై మెట్టులో మనం అడిగినవాటికి మాత్రమే లింకులు పెట్టి, మిగిలినవాటిని లోపల వేరే ఫోల్డర్‌లో ఉంచుతుంది. జాబితాలో లేనిదాన్ని వాడితే మొదటి రోజే తెలిసిపోతుంది. ఎన్‌పీఎంతోనే ఉండేవారు ఏదైనా తీసేసే ముందు ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ అని పేరు ఇస్తే, అది ఎవరి వల్ల వచ్చిందో దారి మొత్తం చూపిస్తుంది.

సెమికోలన్

డిపెండెన్సీల మాట అలా ఉంచి, రికార్డ్ పట్టీ కూడా ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను. పైథాన్‌లో బొమ్మలను విశ్లేషించే లైబ్రరీ ఓపెన్‌సీవీకి ఓపెన్‌సీవీ-పైథాన్, ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్ అని వేర్వేరు ప్యాకేజీలు ఉన్నాయి. తెర మీద కిటికీలు తెరిచే సదుపాయం రెండోదానిలో ఉండదు కాబట్టి సర్వర్లకు దాన్ని వాడతారు. రెండూ తమ ఫైళ్లను సీవీ2 అనే ఒకే ఫోల్డర్‌లో పెడతాయి. ఒకటి నేను అడిగి పెట్టుకున్నాను, రెండోది ఇంకేదో లైబ్రరీ డిపెండెన్సీగా తెచ్చింది. పిప్ కిక్కురుమనకుండా ఒకదాని మీద ఇంకొకటి రాసేసింది. ఇప్పుడు ఒకే ఫైలు దారి రెండు రికార్డ్ పట్టీలలోనూ ఉంది.

రెండూ ఎందుకని హెడ్‌లెస్‌ను తీసేశాను. పిప్ దాని పట్టీ చదివి ఉమ్మడి ఫైళ్లన్నీ తీసేసింది. రెండో ప్యాకేజీ పిప్ లిస్ట్‌లో నిండుగా కనిపిస్తూనే ఉంది, ఇంపోర్ట్ సీవీ2 అన్న వరుస కూడా తప్పు చూపకుండా నడిచింది, కానీ ఐఎమ్‌రీడ్ అనే ఫంక్షనే లేదని ప్రోగ్రాం ఆగిపోయింది. ఫోల్డర్ తెరిచి చూస్తే, హెడ్‌లెస్ పట్టీలో లేని కొద్దిపాటి ఫైళ్లు మాత్రమే అందులో మిగిలి ఉన్నాయి. పైథాన్ అరకొరగా మిగిలిన ఆ ఫోల్డర్‌నే మాడ్యూల్ అనుకుని ఇంపోర్ట్‌కు సరేనంది. పిప్ చెక్ నడిపితే విరిగినదేమీ లేదని జవాబు వచ్చింది, ఎందుకంటే అది మెటాడేటాలోని (ప్యాకేజీ తన గురించి ఇచ్చే వివరాలు) పేర్లను, వెర్షన్లను సరిచూస్తుందే తప్ప ఫైళ్లు ఉన్నాయో లేదో చూడదు. అలాంటప్పుడు రెండింటినీ తీసేసి, కావలసిన ఒక్కదాన్నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్ప శుభ్రమైన దారి లేదు.

లాగ్‌చదువరి

సెమికోలన్ గారు చెప్పిన పరిస్థితిని ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ మొదటి మెట్టులోనే ఆపేస్తుంది. ఒక ప్యాకేజీ పెట్టబోయే ఫైలు ఇంకో ప్యాకేజీది అయి ఉంటే, ఫలానా ఫైలు ఫలానా ప్యాకేజీలో కూడా ఉందని చెప్పి ఇన్‌స్టాల్‌ను నిలిపివేస్తుంది. ప్యాకేజీ తయారుచేసినవారు రీప్లేసెస్ అని స్పష్టంగా ప్రకటిస్తేనే ఒప్పుకుంటుంది. ఒక ఫైలుకు యజమాని ఒక్కరే ఉండాలన్న నియమం ఇన్‌స్టాల్ దగ్గర పాటిస్తేనే అన్‌ఇన్‌స్టాల్‌ను నమ్మవచ్చు. పిప్‌లో నాకు నచ్చని విషయం ఏదైనా ఉంటే ఇదే, డిపెండెన్సీలను వదిలేయడం కాదు.

కొత్తకొమ్మ

నాకు వేరే రకం ఇబ్బంది వచ్చింది. పైయామల్ అనే లైబ్రరీని తీసేద్దామంటే, ఇది డిస్ట్‌యుటిల్స్‌తో పెట్టిన ప్రాజెక్టు కాబట్టి ఏ ఫైళ్లు దీనివో కచ్చితంగా చెప్పలేమని, సగం మాత్రమే తొలగించే ప్రమాదం ఉందని పిప్ నిరాకరించింది. అన్‌ఇన్‌స్టాల్ చేయనని చెప్పే టూల్‌ను ఏం చేయాలి?

ఫైలుపట్టీ

పాత పద్ధతిలో పెట్టిన ఆ ప్యాకేజీలకు ఫైళ్ల పట్టీ లేదు. 2018లో వచ్చిన పిప్ 10 నుంచి వాటిని తొలగించడానికి ఒప్పుకోదు. సాధారణంగా ఆ ప్యాకేజీ మీ ఆపరేటింగ్ సిస్టమ్ తరఫున వచ్చి ఉంటుంది. అది ఏ ఫోల్డర్‌లో ఉందో పిప్ షోతో చూసి, డీపీకేజీ -ఎస్ (పెద్ద అక్షరం ఎస్) అని ఆ దారి ఇవ్వండి. ఏదైనా ప్యాకేజీ పేరు వస్తే దాన్ని ఆప్ట్‌తోనే తీయాలి. ఇగ్నోర్-ఇన్‌స్టాల్డ్ ఆప్షన్‌తో పైన ఇంకో వెర్షన్ పరిచేయమని సలహాలు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. ఆ తర్వాత ఏ ఫైలు ఎవరిదో చెప్పగలిగేవారు ఉండరు.

రాత్రిపాళీ

కొత్తకొమ్మ గారూ, పిప్ కమాండ్ ముందు సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) పెట్టి మాత్రం ప్రయత్నించకండి. సిస్టమ్ పైథాన్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ సొంత టూల్స్ ఆధారపడి ఉంటాయి. డెబియన్‌లో తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసే అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ కూడా పైథాన్‌లో రాసిందే. పిప్‌కు, ఆప్ట్‌కు వేర్వేరు పుస్తకాలు ఉన్నాయి, ఒకరి పుస్తకం ఇంకొకరు చదవరు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, పెప్ 668 ప్రకారం సిస్టమ్ పైథాన్ ఫోల్డర్‌లో ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్ అనే ఫైలు పెడుతున్నారు. అది కనిపిస్తే పిప్ ఇన్‌స్టాల్‌కూ ఒప్పుకోదు, అన్‌ఇన్‌స్టాల్‌కూ ఒప్పుకోదు. దాన్ని దాటేసే ఆప్షన్‌కు బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని పేరు పెట్టారు, ఆ పేరును ఉన్నది ఉన్నట్టుగానే నమ్మండి.

తుప్పుదళం

రస్ట్ భాషకు కొత్తగా వచ్చేవారు దాని ప్యాకేజీ టూల్ కార్గోకు కార్గో అన్‌ఇన్‌స్టాల్ అని లైబ్రరీ పేరు ఇచ్చి, అలాంటి ప్యాకేజీ లేదన్న జవాబు చూసి తికమకపడుతుంటారు. కార్గో ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ రెండూ నడిపే ప్రోగ్రాములకే. లైబ్రరీ అయితే కార్గో.టామ్ల్‌లో వరుస చేర్చడం, తీయడం మాత్రమే. తీసే వరుసకు కార్గో రిమూవ్ అనే కమాండ్ 1.66 వెర్షన్‌తో, 2022 డిసెంబర్‌లో వచ్చింది. డౌన్‌లోడ్ అయిన సోర్స్ మాత్రం వెంటనే పోదు, హోమ్ ఫోల్డర్‌లోని ఉమ్మడి క్యాష్‌లో (మళ్లీ వాడుకోవడానికి ఉంచే నిల్వ) ఉంటుంది, ఎందుకంటే ఇంకో ప్రాజెక్టు దాన్ని వాడుతూ ఉండవచ్చు.

గోపథం

గో భాషలో గో మాడ్ టైడీ ఏం చేస్తుందో ఈ చర్చలో ప్రత్యేకంగా చూడాలి. అది మీరు ఏం అడిగారన్న గుర్తును చూడదు, మీ సోర్స్ ఫైళ్లలోని ఇంపోర్ట్ వరుసలను చదువుతుంది. కోడ్‌లో వాడినది జాబితాలో లేకపోతే చేరుస్తుంది, వాడనిది ఉంటే తీసేస్తుంది. హరితవనం గారి లోడాష్ సంగతి గో ప్రాజెక్టులో తలెత్తదు. డిస్క్ మీది క్యాష్‌ను తీసేయాలంటే గో క్లీన్ -మాడ్‌క్యాష్ వాడాలి. ఆ ఫైళ్లను చదవడానికి మాత్రమే అనుమతితో పెడతారు కాబట్టి మామూలుగా చెరిపేయబోతే పర్మిషన్ లేదంటుంది.

దీపస్తంభం

గోపథం గారి మాటతో నా వాదనను కొంత సవరించుకుంటాను. కంపైలర్ అన్ని ఇంపోర్టులనూ ముందే చూడగలిగే భాషలో ఆ పద్ధతి కుదురుతుంది. పైథాన్‌లో లైబ్రరీ పేరును ప్రోగ్రాం నడుస్తూ ఉండగా కూడా తయారుచేసి ఇంపోర్ట్ చేయవచ్చు, పైగా ప్యాకేజీ పేరు, ఇంపోర్ట్ పేరు ఒకటే కానక్కరలేదు. పిల్లో అని ఇన్‌స్టాల్ చేసి పిల్ అని, బ్యూటిఫుల్‌సూప్4 అని ఇన్‌స్టాల్ చేసి బీఎస్4 అని ఇంపోర్ట్ చేస్తున్నాం. ఆ చిక్కు నాకు అర్థమవుతుంది.

ఎదురు దిక్కు సంగతి మాత్రం అలా కాదు. నమ్‌పైని తీసేయమంటే, పాండాస్ దాని మీద ఆధారపడి ఉందని పిప్‌కు మెటాడేటాలో తెలుసు. అయినా ఒక్క మాట చెప్పకుండా తీసేస్తుంది. కాండా అనే ఇంకో ప్యాకేజీ టూల్‌లో రిమూవ్ అయితే నమ్‌పై మీద ఆధారపడినవన్నీ కూడా పోతాయని జాబితా చూపించి అడుగుతుంది. మాక్‌లో వాడే హోమ్‌బ్రూ ఫలానాది దీన్ని వాడుతోందని చెప్పి నిరాకరిస్తుంది. రూబీ భాష ప్యాకేజీ టూల్ జెమ్ కూడా అడిగాకే ముందుకు వెళుతుంది. తీసేయమన్నది తీసేయండి, కానీ ఎవరు కూలుతారో ముందు చెప్పండి అని అడగడం పెద్ద కోరిక కాదు.

ఫైలుపట్టీ

ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. తీసేశాక పిప్ చెక్ నడిపితే పాండాస్‌కు నమ్‌పై కావాలని, అది లేదని చెబుతుంది. ఆ మాట తీసేయకముందే చెప్పాలి.

హరితవనం

ఫైళ్లు, డిపెండెన్సీలు కాక మూడోది ఒకటి ఉంది. ప్రోగ్రాం నడిచాక పుట్టినవి ఏ పట్టీలోనూ ఉండవు. ఆప్ట్ రిమూవ్ చేశాక డీపీకేజీ -ఎల్ జాబితాలో ముందు ఆర్‌సీ అని కనిపించే ప్యాకేజీలు ఉంటాయి, అంటే ప్యాకేజీ పోయింది, కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఉన్నాయి. పర్జ్ అంటే అవి కూడా పోతాయి, మీ హోమ్ ఫోల్డర్‌లోనివి మాత్రం అప్పుడూ పోవు. ఎన్‌పీఎంలో ప్యాకేజీ వెళ్లేటప్పుడు నడిచే అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు 6వ వెర్షన్ వరకు ఉండేవి, 7 నుంచి తీసేశారు. ప్యాకేజీ ఎందుకు పోతోందో స్క్రిప్టుకు చెప్పే దారి లేదన్నది వారి కారణం. డీపీకేజీలో తొలగింపు స్క్రిప్టుకు రిమూవ్ అనో అప్‌గ్రేడ్ అనో మాట అందుతుంది కాబట్టి, అప్‌గ్రేడ్ వేళ డేటాబేస్ చెరిపేయకుండా జాగ్రత్తపడగలదు.

చిన్నిబైట్ గారికి ఇది నేరుగా తగిలే విషయం. ఎన్విరాన్‌మెంట్‌ను జూపిటర్‌లో కెర్నల్‌గా (నోట్‌బుక్‌లోని కోడ్‌ను నడిపేది) నమోదు చేసి ఉంటే, ఆ నమోదు సాధారణంగా హోమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్ చెరిపేసినా మెనూలో ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది, నొక్కితే నడవదు. జూపిటర్ కెర్నల్‌స్పెక్ లిస్ట్ అని కొట్టి చూసి, కెర్నల్‌స్పెక్ అన్‌ఇన్‌స్టాల్‌తో తీసేయండి.

చిన్నిబైట్

రెండు పాత కెర్నల్ పేర్లు నిజంగానే ఉన్నాయి, తీసేశాను. ఏది ఎవరిదో తేల్చుకోవడం కన్నా ఆ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌నే చెరిపేసి కొత్తది తయారుచేసుకోవడం సులువని అర్థమైంది. కానీ కొత్తదానిలో ఏం పెట్టాలో తెలియాలి కదా. పాతదానిలో పిప్ ఫ్రీజ్ చేసి రాసుకున్న జాబితా ఉంది. దాన్నే వాడవచ్చా?

రాత్రిపాళీ

అదే జాబితా వాడితే తీసేద్దామనుకున్నవన్నీ కొత్త ఎన్విరాన్‌మెంట్‌లోకి మళ్లీ వస్తాయి. పిప్ ఫ్రీజ్ మీరు అడిగినదానికీ వెంట వచ్చినదానికీ తేడా చూపకుండా అన్నింటినీ ఒకే వరసలో రాస్తుంది, ఆ ఫైలుతో ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ మీరే అడిగినట్టు అవుతుంది. మీ కోడ్‌లో నేరుగా వాడేవాటి పేర్లను మాత్రమే రిక్వైర్‌మెంట్స్.ఇన్ అనే ఫైలులో మీరే రాసుకోండి. పిప్-టూల్స్ అనే ప్యాకేజీలోని పిప్-కంపైల్ దాని నుంచి వెర్షన్లతో సహా పూర్తి జాబితా తయారుచేస్తుంది, ఒక్కో పేరు కింద అది ఎవరి వల్ల వచ్చిందో వయా అని వ్యాఖ్య కూడా రాస్తుంది. ఇకపై ఏదైనా వద్దనుకుంటే ఇన్ ఫైలులో ఒక వరుస తీసి, మళ్లీ కంపైల్ చేసి, పిప్-సింక్ నడపండి. జాబితాలో లేనివి తొలగిపోతాయి. పిప్‌కు బదులు యూవీ అనే టూల్ వాడేవారికి యూవీ యాడ్, యూవీ రిమూవ్ ఇదే పనిని ఒక్క మెట్టులో చేస్తాయి.

పిప్-సింక్ నడిపే ముందు సరైన ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ అయి ఉందో లేదో చూసుకోండి. పిప్, సెటప్‌టూల్స్, పిప్-టూల్స్ వంటివాటిని తప్ప, జాబితాలో లేనిదాన్ని అది ఉంచదు. మొదటిసారి డ్రై-రన్ ఆప్షన్‌తో నడిపి, ఏమేం తీసేయబోతోందో చదివాక అసలు కమాండ్ ఇవ్వండి.